బ్లాక్‌చెయిన్‌కు ముందు కాటా చూసుకోండి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పంట పొలం దాటిన దగ్గర నుంచి వినియోగదారుడి చేతికి వచ్చేదాకా జరిగే ప్రతి లావాదేవీని బ్లాక్‌చెయిన్ మీద నమోదు చేయడం గురించి చిన్న రైతుల సంఘాలు, సేకరణ కేంద్రాలు నడిపేవారు చాలా ప్రశ్నలు పంపారు. ఎక్కువమందికి పనికొచ్చేవి ఇక్కడ తీసుకున్నాం.

ప్రశ్న: మాది మూడు వందల మందికి పైగా చిన్న రైతులున్న సంఘం. బ్లాక్‌చెయిన్ పెట్టుకుంటే తూకంలో మోసం, కల్తీ, నాణ్యత గొడవలు అన్నీ పోతాయని ఒక సాఫ్ట్‌వేర్ సంస్థ చెబుతోంది. ఇందులో నిజమెంత?

జవాబు: సగం నిజం. ఆ సగం ఏదో తేల్చుకోకుండా ఒప్పందం మీద సంతకం పెట్టకండి.

బ్లాక్‌చెయిన్ చేసే అసలు పని, ఒకసారి రాసినదాన్ని తర్వాత ఎవరూ గుట్టుచప్పుడు కాకుండా మార్చకుండా చూడటం. ప్రతి నమోదునూ ఎస్‌హెచ్‌ఏ-256 అనే లెక్కకు పెడితే అంకెలు, అక్షరాలు కలిపి 64 గుర్తులున్న ముద్ర ఒకటి వస్తుంది. దాన్నే హ్యాష్ అంటారు. రశీదులో 52 కిలోలను 50గా మారిస్తే ఆ ముద్ర గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. కొన్ని నమోదులను కలిపి కట్టిన కట్టను బ్లాకు అంటారు. ప్రతి బ్లాకులోనూ దాని ముందున్న బ్లాకు హ్యాష్ ఉంటుంది కాబట్టి, పాత రాతను ముట్టుకుంటే ఆ తర్వాతివన్నీ పొసగకుండా పోతాయి. పైగా ఈ ఖాతా ప్రతులు సంఘం దగ్గర, మిల్లు దగ్గర, కొనుగోలుదారు దగ్గర, ధ్రువీకరణ సంస్థ దగ్గర విడివిడిగా ఉంటాయి. ఒకచోట దిద్దితే మిగతాచోట్ల బయటపడుతుంది.

అయితే కాటా దగ్గరే 52 కిలోల బస్తాను 50 అని రాశారనుకోండి. బ్లాక్‌చెయిన్ ఆ 50నే భద్రంగా కాపాడుతుంది. తప్పుడు తూకం, నమూనా తీయడంలో మోసం, ఒక నమోదుకూ తర్వాతి నమోదుకూ మధ్య గోదాములో జరిగే కల్తీ దానికి కనిపించవు. అది ఆపగలిగేవి వేరే ఉన్నాయి: వెనకటి తేదీ వేసి రశీదు పుట్టించడం, సరుకు వెళ్లాక ఒప్పుకున్న ధరను మార్చడం, ఒకే ధ్రువపత్రం చూపించి రెండుసార్లు అమ్మడం, సరుకు అందుకుని సంతకం చేసినవాళ్లు తర్వాత మాకు అందలేదనడం. మీ సంఘం నష్టపోతున్నది వీటివల్లే అయితే బ్లాక్‌చెయిన్ పనికొస్తుంది. కాటా దగ్గర నష్టపోతుంటే మాత్రం ముందు కాటాను సరిచేసుకోవాలి.

ఇలాంటి సాఫ్ట్‌వేర్ సంస్థల ప్రతినిధులు తరచూ వాల్‌మార్ట్ ఉదాహరణ చెబుతారు. ఆ సంస్థ ఐబీఎంతో కలిసి చేసిన ప్రయోగంలో, ఒక మామిడి ముక్కల ప్యాకెట్ ఏ తోట నుంచి వచ్చిందో కనుక్కోవడానికి పాత పద్ధతిలో 6 రోజుల 18 గంటల 26 నిమిషాలు పట్టగా, కొత్త పద్ధతిలో 2.2 సెకన్లు పట్టింది. అంకెలు నిజమే. కానీ ఆ 2.2 సెకన్లు అప్పటికే తోట నుంచి దుకాణం దాకా ప్రతి అంచెలోనూ వివరాలు ఎక్కించి ఉంచిన ఖాతాలో వెతకడానికి పట్టిన సమయం. ఎక్కించే శ్రమ అందులో లేదు. ఆ శ్రమంతా మీలాంటి సంఘాల మీదే పడుతుంది.

ప్రశ్న: మా వివరాలన్నీ ఇప్పటికే మామూలు డేటాబేస్‌లో ఉన్నాయి. అది చాలదా?

జవాబు: చాలా సంఘాలకు చాలు. రాసేవాళ్లంతా మీ సిబ్బందే అయి, చదివేవాళ్లు మిమ్మల్ని నమ్ముతుంటే బ్లాక్‌చెయిన్ దండగ ఖర్చు. ఒకరినొకరు పూర్తిగా నమ్మని మూడు నాలుగు సంస్థలు ఒకే ఖాతాలో రాయాల్సి వచ్చి, ఆ ఖాతా తాళం ఏ ఒక్కరి చేతిలోనూ ఉండటానికి మిగతావారు ఒప్పుకోనప్పుడే దాని అవసరం మొదలవుతుంది. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2022లో ప్రకటించిన ఆహార జాడ నిబంధన కూడా, అడిగిన 24 గంటల్లో వివరాలను వరుస మార్చి చూడగలిగే పట్టికగా ఇమ్మంటుంది తప్ప బ్లాక్‌చెయిన్ ఉండాలని ఎక్కడా అడగదు.

రెంటికీ మధ్య ఒక దారి ఉంది. చిన్న సంఘాలకు మేము ముందుగా చెప్పేది అదే. డేటాబేస్‌ను అలాగే ఉంచి, రోజుకొకసారి దాని ముద్రను మాత్రం బయటి బ్లాక్‌చెయిన్‌లో నాటండి. సాయంత్రం లెక్క మూసేశాక ఆనాటి రశీదులన్నిటికీ విడివిడిగా హ్యాష్‌లు తీస్తారు. వాటిని రెండేసి చొప్పున కలిపి మళ్లీ హ్యాష్ తీస్తూ పోతే చివరికి ఒక్కటే మిగులుతుంది. దీన్ని మెర్కిల్ రూట్ అంటారు. బయటికి వెళ్లేది ఆ ఒక్కటే. రోజుకు వెయ్యి రశీదులున్నా, ఫలానా రశీదు ఆ రోజు లెక్కలో ఉందని నిరూపించడానికి 10 హ్యాష్‌లు, అంటే 320 బైట్లు చాలు. రశీదుతోపాటు ఆ నిరూపణ రైతు దగ్గర ఉంటే, రేపు మీ సంఘం కార్యాలయమే రశీదు మార్చిందన్న అనుమానం వచ్చినా తేల్చుకోవచ్చు.

ఈ ఆలోచన బిట్‌కాయిన్ కన్నా పాతది. పత్రాలకు తేదీ ముద్ర వేసే పద్ధతిని స్టువర్ట్ హేబర్, స్కాట్ స్టోర్నెట్టా 1991లోనే ప్రచురించారు. 1995 నుంచి వారి సంస్థ ఆ ముద్రను వారానికొకసారి న్యూయార్క్ టైమ్స్ పత్రిక ప్రకటనల్లో అచ్చు వేయించేది. అచ్చయి వేలమంది ఇళ్లకు చేరిన పత్రికను ఎవరూ వెనక్కి పిలిపించి దిద్దలేరు కదా.

ఇక్కడ అందరూ చిక్కుకునే చోటు ఒకటుంది. హ్యాష్ తీసే ముందు రశీదు వివరాలు ఎప్పుడూ ఒకే రూపంలో ఉండాలి. ఒక ఫోను 52 అని, మరొకటి 52.0 అని రాస్తే మనిషికి ఒకటే, హ్యాష్‌కు వేరు. తేదీ రాసే వరుస మారినా అంతే. తెలుగులో పేర్లు టైపు చేసేటప్పుడు కొన్ని కీబోర్డులు అక్షరాల మధ్య కంటికి కనిపించని జాయినర్ గుర్తును చేరుస్తాయి, కొన్ని చేర్చవు. అదే పేరును ఆర్నెల్ల తర్వాత మళ్లీ టైపు చేసి సరిచూస్తే ముద్ర కలవదు, ఎవరో దిద్దారన్న గొడవ మొదలవుతుంది. అందుకే బరువును గ్రాముల్లో పూర్ణాంకంగా, సమయాన్ని ఒకే ప్రామాణిక రూపంలో పెట్టుకోండి. రైతు పేరుకు బదులు రైతు సంఖ్యను హ్యాష్ చేయండి. మొదట హ్యాష్ తీసిన పాఠాన్ని ఉన్నదున్నట్టు దాచండి.

ప్రశ్న: మొదలుపెట్టాలనుకుంటున్నాం. ఏ క్రమంలో చేయాలి? ఏయే వివరాలు రాయాలి?

జవాబు: సాఫ్ట్‌వేర్ కొనకముందు ఒక పంటకాలం కాగితం మీదో, మామూలు పట్టికలోనో ఇదే క్రమాన్ని నడిపి చూడండి. కాగితం మీద నిలవని లెక్క బ్లాక్‌చెయిన్ మీద కూడా నిలవదు.

మొదట స్థిరమైన సంఖ్యలు ఇవ్వాలి. రైతుకు ఒక సంఖ్య, ప్రతి కమతానికి విడిగా మరో సంఖ్య, ప్రతి సేకరణ కేంద్రానికి, గోదాముకు, ఎండబెట్టే కళ్లానికి తలా ఒక సంఖ్య. రైతునూ భూమినీ ఒకే సంఖ్యలో ఇరికించకండి. ఒకే రైతుకు రెండు చోట్ల కమతాలుంటాయి. ఒకే కమతాన్ని ఈ ఏడు ఒకరు, వచ్చే ఏడు ఇంకొకరు సాగు చేస్తారు. భూమి పత్రం ఉన్నవారి పేరు మీదే నమోదు అని షరతు పెడితే కౌలు రైతు పండించిన పంట వేరొకరి పేరున పోతుంది. నమోదు కావాల్సింది సాగు చేసే మనిషి.

తర్వాత లాట్. ఒకే చోట, ఒకే రోజు, ఒకే రకంగా చేతులు మారి, మధ్యలో వేరే సరుకు కలవనిది ఒక లాట్. దాని సంఖ్యలో కేంద్రం, తేదీ, ఆనాటి వరుస ఉంటే చాలు. ఉదాహరణకు 07, 20250314, 03. చివర ఒక సరిచూపు అంకె తప్పకుండా పెట్టండి. బార్‌కోడ్‌ల కింద ఉండే, జీఎస్‌1 అనే అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఇచ్చే సంఖ్యల్లో చివరి అంకె అలాంటిదే. ఒక అంకె తప్పు కొడితే అది ప్రతిసారీ పట్టేస్తుంది. పక్కపక్క అంకెలు తారుమారైతే, వాటి మధ్య తేడా సరిగ్గా 5 అయినప్పుడు తప్ప మిగతా అన్నిసార్లూ పడుతుంది. బస్తా మీద చేత్తో రాసిన సంఖ్యను ఫోనులో కొట్టేచోట ఈ ఒక్క అంకె ఎన్నో గొడవల్ని మొదట్లోనే ఆపుతుంది.

మూడోది సంఘటనలు. సేకరణ, తూకం, గ్రేడింగ్, ఎండబెట్టడం లేదా శుభ్రపరచడం, కలపడం, విడదీయడం, ప్యాకింగ్, పంపడం, అందుకోవడం. ప్రతిదానికీ ఏది, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు అన్న నాలుగింటికి జవాబు ఉండాలి. సరుకు కదలికలను రాసే తీరుకు జీఎస్‌1 వారు పెట్టిన ఈపీసీఐఎస్ ప్రమాణం నిలబడింది ఈ నాలుగింటి మీదే. 2022లో వచ్చిన 2.0 రూపంలో ఏ స్థితిలో ఉంది అన్నది కూడా చేరింది. ఉష్ణోగ్రత, తేమ లాంటి సెన్సర్ కొలతలు అందులోకి వెళ్తాయి. సొంత నమూనా తయారు చేసుకోకుండా దీన్నే పాటిస్తే, రేపు సాఫ్ట్‌వేర్ మార్చినా, కొనుగోలుదారు మారినా పాత లెక్కలు పనికొస్తాయి.

పంపినవారు ఒకటి, అందుకున్నవారు ఒకటి రాయాలి, రెండూ కలవాలి. పంపినవారి నమోదునే ఆటోమేటిక్‌గా అందినట్టు చూపించే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. దారిలో పోయిన సరుకు అలాంటిచోట ఎప్పటికీ బయటపడదు.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది బరువుల సమతూకం. లోపలికి వచ్చిన బరువు, బయటికి వెళ్లిన బరువు, తరుగు, మిగులు కలవాలి. ఎండబెట్టే సరుకుకు తేమ లెక్క వేయకపోతే ఈ పరీక్షకు అర్థం లేదు. 18 శాతం తేమతో 1,000 కిలోల ధాన్యం వచ్చిందనుకోండి. అందులో పొడి పదార్థం 820 కిలోలు. 12 శాతం తేమకు ఎండబెడితే 820ని 0.88తో భాగించాలి, దాదాపు 932 కిలోలు రావాలి. చెత్త, నూక పోను ఇంకా తగ్గుతుంది తప్ప పెరగదు. లెక్కలో 960 కనిపిస్తే తేమ కొలత తప్పు, లేదా బయటి సరుకు కలిసింది. బయటి నుంచి తెచ్చిన సరుకును ధ్రువీకృత పంటగా చలామణీ చేసే మోసాన్ని పట్టేది ఈ కూడికలు, తీసివేతలే. హ్యాష్‌లు కాదు. ఈ పరీక్షను కంప్యూటర్ ప్రతి లాట్‌కూ తనంతట తాను వేసేలా పెట్టించండి. హద్దు దాటిన లాట్ ముందుకు కదలకూడదు.

కమతం నుంచి రాగల గరిష్ఠ దిగుబడిని కూడా ముందే రాసి పెట్టుకోండి. అర హెక్టారు కమతం పేరుతో మూడు హెక్టార్ల పంట వస్తుంటే పొరుగు పంట దాని పేరున దూరుతున్నట్టే.

కలపడం దగ్గర నిజాయితీగా ఉండాలి. నలభై మంది సరుకు ఒకే గాదెలో పోస్తే, ఆ గాదె నుంచి వచ్చే ప్రతి ప్యాకెట్‌కూ మూలం ఆ నలభై మందీ. ఒక్క రైతు ఫొటో చూపించి ఈ ప్యాకెట్ ఆయనదే అనడం అబద్ధం. ధ్రువీకరణ సంస్థలు దీనికి మెట్లు పెట్టాయి: ఒకే మూలాన్ని చివరిదాకా విడిగా ఉంచడం, ధ్రువీకృత సరుకును మాత్రమే తమలో తాము కలపడం, అన్నీ కలిపినా ధ్రువీకృతంగా కొన్నంత బరువే అలా అమ్మడం. మొదటి మెట్టుకు గాదెలు, కళ్లాలు, సంచులు అన్నీ వేరువేరుగా కావాలి. చాలా చిన్న సంఘాలకు రెండో మెట్టే తగినది. మీది ఏ మెట్టో ప్యాకెట్ మీద రాయండి.

తప్పు నమోదు పడితే చెరపడం ఉండదు. పాతదాన్ని రద్దు చేస్తూ, ఎందుకో చెబుతూ, సరైనది ఇంకొకటి వేస్తారు. సిబ్బందికి మొదటి రోజే ఇది నేర్పండి. తప్పు దిద్దే దారి తెలియనివాళ్లు తప్పును దాచే దారి వెతుకుతారు.

ప్రశ్న: సేకరణ కేంద్రాల దగ్గర సిగ్నల్ ఉండదు. చాలామంది రైతులకు స్మార్ట్‌ఫోన్ లేదు. అప్పుడెలా?

జవాబు: రైతు చేతిలో యాప్ ఉండాల్సిందేనన్న పథకం మొదటి నెలలోనే చతికిలబడుతుంది. కేంద్రంలో ఒక ఫోను, కాటా, చిన్న రశీదు ప్రింటర్ చాలు. రైతుకు కాగితం రశీదు, మామూలు ఫోనుకు ఆయన భాషలో ఒక ఎస్‌ఎంఎస్ వెళ్లాలి. అందులో బరువు, గ్రేడు, ధర, లాట్ సంఖ్య ఉండాలి. అభ్యంతరం చెప్పడానికి 24 గంటల గడువు ఇవ్వండి. నమోదు నిజమో కాదో చెప్పగల సాక్షి ఆ రైతే.

కాటా నుంచి బరువు కేబుల్ ద్వారానో బ్లూటూత్ ద్వారానో నేరుగా ఫోనులోకి వచ్చేలా చూడండి. చేత్తో కొడితే 52.5 కాస్తా 525 అవుతుంది. ఒక బస్తాకు ఉండగల కనిష్ఠ, గరిష్ఠ బరువులు పెట్టి, ఆ హద్దు దాటితే ఫోను ఒప్పుకోకూడదు. రోజూ పని మొదలుపెట్టేముందు తెలిసిన బరువును, అంటే ముద్ర వేసిన 20 కిలోల రాయిని, కాటా మీద పెట్టి ఆ కొలతను కూడా నమోదు చేయించండి. కాటా ఏ రోజు నుంచి తప్పు చూపించిందో తర్వాత వెతకాల్సిన పని ఉండదు.

సిగ్నల్ లేనప్పుడు నమోదులు ఫోనులోనే వరుసగా ఆగి, దొరికినప్పుడు వెళ్లాలి. దీనికి రెండు సమయాలు విడివిడిగా కావాలి: పని జరిగినది, ఖాతాకు చేరినది. రెంటి మధ్య రెండు రోజుల కన్నా ఎక్కువ తేడా ఉన్నవాటిని వారానికొకసారి ఎవరైనా చూడాలి. ఫోను గడియారాన్ని చేత్తో మార్చే వీలు తీసేయండి. ప్రతి నమోదుకూ ఫోనులోనే ఒక ప్రత్యేక సంఖ్య పుట్టాలి. అది లేకపోతే సిగ్నల్ వచ్చి పోతున్నప్పుడు ఫోను అదే నమోదును మళ్లీ మళ్లీ పంపుతుంది, ఒక బస్తా మూడు బస్తాలవుతుంది.

డిజిటల్ సంతకానికి వాడే ప్రైవేట్ కీ, అంటే రహస్య సంఖ్య, మనిషికొకటి ఉండాలి. కేంద్రం మొత్తానికి ఒకే పాస్‌వర్డ్ ఉంటే తప్పు ఎవరిదో తేలదు. ఉద్యోగి మానేసిన రోజే ఆ కీ రద్దవ్వాలి, పాత సంతకాలు మాత్రం చెల్లుతూ ఉండాలి. కీ పోతే తిరిగి తెచ్చుకోవడానికని రైతులకు 12 పదాలో 24 పదాలో రాసిచ్చి దాచుకోమనడం అన్యాయం. ఆ కాగితం పోతే వాళ్ల ఖాతా పోయినట్టే. సంఘం దగ్గర భద్రపరచి, తిరిగి ఇప్పించడానికి ఇద్దరు ముగ్గురి అనుమతి కావాలన్న నియమం పెట్టుకోవడం మేలు.

ప్రశ్న: ప్యాకెట్ మీద క్యూఆర్ కోడ్‌ను ఫొటో తీసి నకిలీ సరుకు మీద అంటిస్తే?

జవాబు: అంటిస్తారు, స్కాన్ చేస్తే అసలైన రైతు వివరాలే కనిపిస్తాయి కూడా. లాట్ మొత్తానికి ఒకే కోడ్ ముద్రిస్తే దీనికి మందు లేదు. ప్రతి ప్యాకెట్‌కూ వేరే సంఖ్య ఉంటే, ఒకే సంఖ్యను దూరదూరపు ఊళ్లలో, పదుల సార్లు స్కాన్ చేస్తున్నప్పుడు వ్యవస్థ పట్టుకోగలదు. తెరిస్తే చిరిగిపోయే సీలు లోపల రెండో కోడ్ పెట్టడం ఇంకా గట్టిది, ఖర్చూ ఎక్కువే. సరుకు విలువ ఎక్కువైన చోట, నిర్దిష్ట ప్రాంతపు పంట అని చెప్పుకునే చోట, అప్పుడప్పుడూ నమూనాలను ప్రయోగశాలకు పంపి ప్రాంతం తేల్చే ఐసోటోపుల పరీక్ష, రకం తేల్చే డీఎన్‌ఏ పరీక్ష చేయిస్తారు. కోడ్ మాట నిజమో కాదో చెప్పాల్సింది సరుకే.

ప్రశ్న: స్మార్ట్ కాంట్రాక్ట్ పెడితే సరుకు దింపిన వెంటనే డబ్బు పడుతుందంటున్నారు. వాతావరణ బీమా కూడా తనంతట తానే వస్తుందట. నమ్మవచ్చా?

జవాబు: ఫలానా షరతు నెరవేరితే ఫలానా మొత్తం చెల్లించు అని ముందే రాసి పెట్టిన ప్రోగ్రామే స్మార్ట్ కాంట్రాక్ట్. 2016 డిసెంబరులో ఆస్ట్రేలియాలో గోధుమ రైతుకు ఇలా సరుకు అప్పగించగానే చెల్లింపు తేల్చే ప్రయోగం జరిగింది. కాబట్టి సాంకేతికంగా అయ్యే పనే.

అయితే ఆ ప్రోగ్రాం చెల్లించాలంటే అందులో డబ్బు ఉండాలి. కొనుగోలుదారు సరుకు రాకముందే పూర్తి మొత్తాన్ని అందులో కట్టి ఉంచుతారా అన్నది మొదట అడగండి. 30 రోజుల అప్పు మీద వ్యాపారం నడిపేవారు చాలాసార్లు ఒప్పుకోరు. అప్పుడు స్మార్ట్ కాంట్రాక్ట్ చేసేదల్లా బాకీ ఉందని గట్టిగా రాసి పెట్టడమే. ఆ రాత చూపించి సంఘం బ్యాంకు దగ్గర తక్కువ వడ్డీకి అప్పు తెచ్చుకోగలిగితే అదీ లాభమే, కానీ వెంటనే డబ్బు అన్నది వేరే మాట. పూర్తి మొత్తం కట్టకపోయినా 70 శాతం అప్పగింతకు, మిగతాది నాణ్యత ఫలితానికి అని విడదీసి ఒప్పించడం సాధ్యమే. ధర ఊగిసలాడే క్రిప్టో నాణేల్లో చెల్లింపుకు మాత్రం ఒప్పుకోకండి. మీ దేశపు చట్టం దాన్ని అనుమతిస్తుందో లేదో అన్నది ఎలాగూ ముందే చూసుకోవాలి.

రెండో చిక్కు, షరతు నెరవేరిందని ప్రోగ్రాముకు చెప్పేదెవరు? బయటి సమాచారాన్ని లోపలికి అందించేదాన్ని ఒరాకిల్ అంటారు. తేమ 12 శాతం లోపు ఉంటేనే పూర్తి ధర అని రాశారనుకోండి. తేమ మీటరు కొనుగోలుదారుదే, నమూనా తీసేదీ ఆయన మనిషే అయితే కాంట్రాక్ట్ ఎంత తెలివైనదైనా రైతుకు ఒరిగేదేమీ లేదు. నమూనాను ఇద్దరి ఎదుట తీసి, మూడు భాగాలు చేసి, ఒకటి రైతు దగ్గర, ఒకటి కొనుగోలుదారు దగ్గర, ఒకటి సీలు వేసి మూడో చోట ఉంచండి. వివాదం లేవదీయడానికి గడువు, తీర్పు చెప్పే ముగ్గురిలో ఇద్దరి సంతకంతోనే డబ్బు కదిలే ఏర్పాటు కాంట్రాక్ట్‌లోనే ఉండాలి.

మూడోది, ప్రోగ్రాంలో లోపం. 2016లో ఎథీరియం అనే బ్లాక్‌చెయిన్ మీద నడిచిన ద డావో అనే నిధి నుంచి కోడ్‌లోని లోపం వాడుకుని ఒకరు దాదాపు 36 లక్షల ఈథర్ నాణేలను మళ్లించారు. కోడ్ రాసింది తెలివైనవాళ్లే. బయటి నిపుణుల తనిఖీ లేని కాంట్రాక్ట్‌లో, అత్యవసరంగా ఆపే మీట లేని కాంట్రాక్ట్‌లో రైతుల డబ్బు పెట్టకూడదు.

బీమా సంగతికి వస్తే, వర్షపాతం ఒక అంకె కన్నా తగ్గితే ఎవరూ పొలం చూడకుండానే పరిహారం ఇవ్వడం సూచీ బీమా. బ్లాక్‌చెయిన్ ఇందులో పత్రాల జాప్యాన్ని తగ్గిస్తుంది. అసలు సమస్య మాత్రం అలాగే ఉంటుంది: సూచీ ఒకటి చెబుతుంది, మీ పొలంలో జరిగేది ఇంకొకటి. విస్తృతంగా వాడే చిర్ప్స్ ఉపగ్రహ వర్షపాత వివరాల్లో ఒక గడి 0.05 డిగ్రీలు, అంటే సుమారు 5 కిలోమీటర్లు. ఆ గడిలో ఒక మూల వాన కురిసి ఇంకో మూల పైరు ఎండితే, ఎండినవారికి ఏమీ రాదు. వడగళ్లు, పురుగు, వరద సూచీలో ఉండవు. పాలసీ తీసుకునేముందు గత పదిహేను, ఇరవై ఏళ్ల లెక్క మీద ఇదే సూత్రం వేసి, మీ ఊళ్లో పంట నిజంగా పోయిన ఏళ్లలో ఎన్నిసార్లు పరిహారం వచ్చి ఉండేదో చూపించమనండి. లెక్క చూపించలేని సంస్థ పాలసీ వద్దు.

ప్రశ్న: నా పొలం హద్దులు, దిగుబడి అందరికీ కనిపిస్తాయా? తర్వాత తీసేయమంటే తీస్తారా?

జవాబు: బ్లాక్‌చెయిన్ మీదికి నేరుగా ఎక్కిస్తే కనిపిస్తాయి, తీయడం కుదరదు. అందుకే రైతు పేరు, ఫోను, పొలం హద్దులు, దిగుబడి మామూలు డేటాబేస్‌లోనే ఉండాలి. గొలుసు మీద హ్యాష్ ఉంటే చాలు. అసలు వివరాలు చెరిపేస్తే హ్యాష్‌కు ఉపయోగం పోతుంది. వ్యక్తిగత వివరాలు తొలగించమని అడిగే హక్కు ఇచ్చిన యూరప్ డేటా రక్షణ నిబంధన 2018లో అమల్లోకి వచ్చినప్పటి నుంచి చాలామంది ఈ దారే పట్టారు.

ఒక జాగ్రత్త. ఫోను నంబరును ఉన్నదున్నట్టు హ్యాష్ చేస్తే దాచినట్టు కాదు. పది అంకెల నంబర్లు మొత్తం వెయ్యి కోట్లే. ఒక్కోదానికీ హ్యాష్ తీసి పోల్చడం కంప్యూటర్‌కు పెద్ద పని కాదు. ప్రతి నమోదుకూ యాదృచ్ఛికంగా పుట్టిన పొడవైన సంఖ్య ఒకటి చేర్చి హ్యాష్ తీయాలి, ఆ సంఖ్యను రహస్యంగా ఉంచాలి.

కొన్నిచోట్ల హద్దులు ఇవ్వక తప్పదు. కాఫీ, కోకో, రబ్బరు, పామాయిల్, సోయా, కలప, పశువుల ఉత్పత్తులకు వర్తించే యూరప్ అడవుల నరికివేత నిబంధన, 2020 డిసెంబరు 31 తర్వాత అడవి కొట్టిన నేలలో పండినది కాదని చూపించమంటుంది. పంట కమతం 4 హెక్టార్ల లోపు ఉంటే ఒక్క బిందువు చాలు, దాటితే చుట్టుహద్దు మొత్తం ఇవ్వాలి. అక్షాంశ, రేఖాంశాలు ఆరు దశాంశాల దాకా రాయాలి. ఆరో దశాంశమంటే దాదాపు 11 సెంటీమీటర్లు. మామూలు ఫోను జీపీఎస్ కొన్ని మీటర్ల తేడా చూపిస్తుంది, అది సహజమే. కమతం అంచున నిలబడి బిందువు తీస్తే పక్క అడవిలో పడవచ్చు. మధ్యలో, ఆకాశం బాగా కనిపించేచోట, ఒకటి రెండు నిమిషాలు ఆగి తీయండి. ఆ వివరాలను కొనుగోలుదారు ఇంకెవరికీ అమ్మకూడదని, సంఘం దగ్గర ఒక ప్రతి ఉండాలని ఒప్పందంలో రాయించండి.

ప్రశ్న: బ్లాక్‌చెయిన్ అంటే బోలెడంత కరెంటు కాలుస్తుందని విన్నాం.

జవాబు: ఆ మాట బిట్‌కాయిన్ తరహా మైనింగ్‌కు, అంటే తర్వాతి బ్లాకు రాసే హక్కు కోసం కంప్యూటర్లు లెక్కల్లో పోటీపడే పద్ధతికి, వర్తిస్తుంది. ఎథీరియం 2022 సెప్టెంబరులో ఆ పద్ధతి వదిలేసింది, కరెంటు వాడకం 99 శాతానికి పైగా తగ్గింది. అనుమతి ఉన్న సంస్థలే నడిపే హైపర్‌లెడ్జర్ ఫ్యాబ్రిక్ లాంటివాటిలో మైనింగే లేదు. మీ ఖర్చంతా లేబుళ్లు, ఫోన్లు, తేమ మీటర్లు, నమోదు చేసే మనుషుల జీతాలు, శిక్షణల మీద పోతుంది. ఆ ఖర్చు ఎవరు భరిస్తారన్నదే బేరంలో తేల్చుకోవాల్సింది. జాడ కావాలని అడిగే కొనుగోలుదారు కిలోకు ఇంత అదనంగా ఇస్తానని రాసివ్వకపోతే, భారం రైతు రాబడి మీదే పడుతుంది.

ప్రశ్న: సాఫ్ట్‌వేర్ సంస్థ మూతపడితే మా లెక్కలు ఏమవుతాయి?

జవాబు: పెద్ద సంస్థలవే ఆగిపోయాయి. ఓడ సరుకుల కోసం మెర్స్క్, ఐబీఎం కలిసి నడిపిన ట్రేడ్‌లెన్స్‌ను ఆపేస్తున్నట్టు 2022 నవంబరులో ప్రకటించారు. పరిశ్రమ అంతా కలిసిరాలేదన్నది వాళ్లు చెప్పిన కారణం. పోటీదారు నడిపే ఖాతాలో తమ వ్యాపార వివరాలు పెట్టడానికి ఎవరైనా వెనుకాడతారు, అది సహజం.

అందుకే నోడ్లన్నీ, అంటే ఖాతా ప్రతులు ఉంచి నడిపే కంప్యూటర్లన్నీ, ఆ సాఫ్ట్‌వేర్ సంస్థ చేతిలోనే ఉన్నాయా అని అడగండి. ఉంటే అది పేరుకే బ్లాక్‌చెయిన్, నిజానికి వాళ్ల డేటాబేస్. కనీసం ఒక నోడ్ మీ సమాఖ్య దగ్గరో, మీకు నమ్మకమున్న విశ్వవిద్యాలయంలోనో నడవాలి. ప్రతి నెలా మొత్తం వివరాలను మామూలు ఫైళ్లుగా దించుకునే హక్కు ఉండాలి. దించుకున్న ఫైలును ఆ సంస్థ సాయం లేకుండా తెరిచి, హ్యాష్‌లు సరిచూసే చిన్న ప్రోగ్రాంను మొదటి నెలలోనే వాళ్లతో చేయించి, మీ కంప్యూటర్‌లో నడిపి చూడండి.

ప్రశ్న: అన్నీ పెట్టుకున్నాం. పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది?

జవాబు: ఆర్నెల్లకొకసారి ఉత్తుత్తి రీకాల్, అంటే అమ్మిన సరుకును వెనక్కి పిలిపించాల్సి వచ్చినట్టు ఒక పరీక్ష, చేయండి. సిబ్బందికి ముందు చెప్పకుండా, దుకాణం అరలోంచి ఒక ప్యాకెట్ తీసుకోండి. దాని సంఖ్య పట్టుకుని వెనక్కి వెళ్లి ఏయే కమతాల పంట అందులో ఉందో రాయండి. తర్వాత ఆ కమతాలు చేరిన గాదెలన్నిటి నుంచి ముందుకు వెళ్లి ఏ ప్యాకెట్లు ఎవరికి పోయాయో రాయండి. గడియారం పెట్టుకుని చేయాలి, నాలుగు గంటల్లో తేలకపోతే ఎక్కడ ఆగిందో గుర్తించాలి. చివర బరువులు కూడండి. వచ్చిన 10,000 కిలోల్లో అమ్మినది, మిగిలినది, తరుగు, పారేసినది కలిపితే 9,700 వచ్చిందనుకోండి, ఆ 300 కిలోలు ఎటు పోయాయో చెప్పే నమోదు లేదని అర్థం. ఇలాంటి ఖాళీలు తరచూ బయటపడేది పాత మిగులు బస్తాలను కొత్త లాట్‌లో కలిపిన చోట, చిరిగిన సంచులను మార్చి లేబుల్ వేయడం మరిచిన చోట, గ్రేడింగ్‌లో పక్కన పెట్టిన సరుకును విడిగా తూకం వేయని చోట. ఆ మూడు చోట్ల ఏ పూటకు ఎవరు బాధ్యులో పేరు రాసి గోడకు అంటించండి, నెల తర్వాత వేరే ప్యాకెట్‌తో మళ్లీ చేసి చూడండి.